ఘనపాఠి గారి దంత్యాలు

పళ్ళ డాక్టరు చదువు పూర్తిచేసిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మేడమ్, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. నాకు ప్రమోషను ఎప్పుడొచ్చిందో, ఏ ఆర్డరు మీద ఎవరు సంతకం పెట్టారో నాకే గుర్తు లేదు, వాళ్ళకెందుకు? నాకు గుర్తున్నవి నోళ్ళు. మనిషి పేరు మరిచిపోతాను, మొహం మరిచిపోతాను. నోరు తెరిచారంటే మాత్రం "మీరు మలికిపురం కొబ్బరికాయల షావుకారు గారి తమ్ముడు కదూ" అనేస్తాను. పెళ్ళిళ్ళలో ఇలా అని మా వారి చేత చీవాట్లు కూడా తిన్నాను.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. పెద్దలు ఆ మాట అన్నది మాటతీరు గురించే కావచ్చు. నేను మాత్రం చిగుళ్ళని కూడా కలిపే అన్నారని వాదిస్తాను. నోటికీ ఒంటికీ మధ్య గోడ ఏమీ లేదు. నోట్లో ఉన్న చీము అక్కడే బుద్ధిగా కూర్చోదు. ఈ ఒక్క ముక్క మనసుకి పట్టించుకుంటే మీరు డాక్టరు, లేకపోతే పళ్ళు పీకే మనిషి. కటువుగా చెప్పానని నొచ్చుకోకండి, నా తీరే అంత.

ఆయ్

డెబ్బైల్లో మా వారికి అమలాపురంలో లెక్చరరు ఉద్యోగం వస్తే నేనూ అక్కడి ఆసుపత్రికి బదిలీ చేయించుకున్నాను. మాది కర్నూలు వైపు. మా దగ్గర మాట కుండబద్దలు కొట్టినట్టుంటుంది. కోనసీమలో మాట కొబ్బరి నీళ్ళలా ఉంటుంది. ఆ నీళ్ళలో నేను మొదటి రోజే మునిగిపోయాను.

కుర్చీలో ఒక రైతు కూర్చున్నాడు. తిమ్మిరి మందు ఇచ్చి "తిమ్మిరెక్కిందా?" అన్నాను. "ఆయ్" అన్నాడు. అరుపనుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "నొప్పిగా ఉందా?" "ఆయ్." ఇంకాస్త మందు ఇచ్చాను. "ఇప్పుడెలా ఉంది, నొప్పి తగ్గిందా?" "ఆయ్." "ఇంకా ఉందా?" "ఆయ్!" నాకు చెమటలు పట్టాయి. చివరికి గుమ్మం దగ్గర నిలబడ్డ ఆయన భార్య "మీరేదడిగినా ఔనంటారండి ఆయన. డాక్టరు గారి మాట కాదంటే బాగోదు కదండీ మరి" అని నా ప్రాణం కాపాడింది.

ఆ రోజు నుంచి నేను కోనసీమలో ఔనా కాదా అని ఎవర్నీ అడగలేదు. "జ్వరం వస్తోందా?" అనడం మానేసి "సాయంత్రం పూట ఏం చేస్తారండీ?" అని అడిగేదాన్ని. "చుట్ట కాలుస్తారా?" అనడం మానేసి "రోజూ చుట్టలు ఎవరు తెచ్చిపెడతారు?" అనేదాన్ని. నిజం అంతా దానంతటదే బయటికి వచ్చేది. పిల్లలూ, పుస్తకంలో లేని పాఠం ఇది. జబ్బు మనిషి నోట్లో ఉంటుంది, దాని కథ మనిషి ఇంట్లో ఉంటుంది. ఇంటి సంగతి అడగండి.

ఇంకో ముచ్చట చెప్పి ముందుకు వెళ్తాను. కాట్రేనికోన నుంచి ఒక ముసలావిడ ముమ్మిడివరంలో బస్సు మారుతూ కండక్టరుతో "పంటి కోసం వెళ్ళాలి నాయనా" అందట. అతను పంటు అనుకున్నాడు. గోదారి దాటించే పంటు ఎదుర్లంక రేవులో ఉంటుంది కదా, ఆవిణ్ణి జాగ్రత్తగా ఆ బస్సెక్కించి పంపించాడు. మర్నాడు మా దగ్గరికి వచ్చి "నిన్న గోదారి చూసొచ్చేనమ్మా. చల్లగాలికి పన్ను సలుపు కూడా తగ్గింది. మళ్ళీ రాత్రికి మొదలెట్టింది" అంది. ఆవిడ పన్ను తీస్తున్నంతసేపూ ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం.

పెద్ద డాక్టరు గారి చిగుళ్ళు

మా ఆసుపత్రికి పెద్ద డాక్టరు గారు ఒకాయన ఉండేవారు. గుండె చప్పుడు వినడంలో ఆయనంత చెవి ఉన్న మనిషిని నేను చూడలేదు. ఆయన స్టెతస్కోపు పెట్టారంటే వార్డులో దగ్గు వచ్చినవాళ్ళు కూడా మింగేసేవాళ్ళు. పళ్ళ విభాగం అంటే మాత్రం ఆయనకి మహా చులకన. నా గది వరండా చివర, సామాన్ల కొట్టు పక్కన. "నువ్వు పళ్ళు చూసుకోమ్మా, ఒళ్ళు మేం చూసుకుంటాం. పళ్ళు ముప్ఫై రెండు, గుండె ఒకటే" అనేవారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. పైకి మాత్రం కోనసీమ నేర్పిన ఆయుధం ఉంది కదా, "ఆయ్" అనేదాన్ని.

ఒకరోజు ఆయనే నా గదికి వచ్చారు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని "చిగురు వాచిందమ్మా, ఏదైనా పూసెయ్యి" అన్నారు. నోరు చూస్తే ఒక చిగురు కాదు, అక్కడో కురుపు, ఇక్కడో కురుపు. పళ్ళు కూడా వదులయ్యాయి. గార అంత ఎక్కువేం లేదు. ఇంత తక్కువ గారకి ఇంత చీము ఎందుకు పట్టాలి?

"రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారండీ?" అన్నాను.

"పంటికీ దానికీ సంబంధం ఏవిటి?"

"దాహం ఎలా ఉంటోంది? కూజా ఎవరు నింపుతున్నారు?"

ఆయన నా వంక గుర్రుగా చూశారు. తెలివైన మనిషి, రెండో ప్రశ్నకే అర్థమైపోయింది. మా ల్యాబులో మూత్రం పరీక్ష చేస్తే నీలం మందు కాస్తా ఇటుక రంగుకి తిరిగింది. "జిల్లాలో సగం మందికి షుగరు పట్టుకున్నవాణ్ణి! నా షుగరు నా పళ్ళు చెప్పాలా!" అని పకపకా నవ్వేశారు. అలా నవ్వగలిగిన పెద్దమనిషి దగ్గర పనిచెయ్యడం నా అదృష్టం. మందులు వాడారు, నేను చిగుళ్ళు శుభ్రం చేశాను. ఏది తగ్గడం వల్ల ఏది తగ్గిందో అప్పట్లో మాకు సగమే తెలుసు. షుగరు చిగుళ్ళని తింటుంది, చిగుళ్ళ చీము షుగరుని లొంగనివ్వదు. అత్తా కోడళ్ళ తగువులా ఎవరు మొదలెట్టారో తేల్చే బదులు ఇద్దర్నీ ఊరుకోబెట్టడం మేలు.

ఆ తరవాత ఆయన మారిపోయారు. ఎంతగా అంటే, కాలు విరిగి వచ్చినవాణ్ణి కూడా "ముందు పళ్ళమ్మ దగ్గరికెళ్ళు" అనేవారు. అదీ తప్పే. మోకాలి నొప్పికి ఉన్న పళ్ళన్నీ ఊడబెరికిన మహానుభావుల్ని నేనెరుగుదును. మోకాలూ తగ్గలేదు, నమలడానికి పళ్ళూ మిగల్లేదు. అన్ని జబ్బులూ పంటి నుంచే రావు. వచ్చేవాటిని వదలకండి, రానివాటిని అంటగట్టకండి.

ఉత్తరీయం

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది నరహరి ఘనపాఠి గారి సంగతి.

కొత్తపేట వైపు ఒక అగ్రహారంలో ఉండేవారు. వేదం చెప్పడంలో ఆయనది పెద్ద పేరు. మనిషి సన్నగా, ఎత్తుగా ఉండేవారు. మాట్లాడేటప్పుడు ఉత్తరీయం కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. ఎదుటివాళ్ళ మీద తుంపరలు పడకూడదని, అది ఆయన నిష్ఠ అని ఊరంతా గౌరవంగా చెప్పుకునేది.

ఆయన్ని ఆసుపత్రికి తీసుకొచ్చింది భార్య కామేశ్వరమ్మ గారు. నన్ను చూసి "డాక్టరు గారు ఎప్పుడొస్తారమ్మా?" అన్నారు. నేనేనని చెప్పాను. "అయ్యో, ఏవనుకోకే తల్లీ" అని నా గడ్డం పట్టుకున్నారు. ఘనపాఠి గారు కుర్చీ వంక, నా చేతుల వంక, మరుగుతున్న నీళ్ళలోని సామాను వంక మార్చి మార్చి చూశారు. ఆయన బాధ నాకర్థమైంది. ప్రపంచంలో మా వృత్తి అంత ఎంగిలి వృత్తి ఇంకొకటి లేదు.

"అన్నీ కాచేనండి" అన్నాను.

"ఇంటికెళ్ళి స్నానం చేస్తార్లే. మీరు చూడండమ్మా" అన్నారు కామేశ్వరమ్మ గారు.

ఆయన కొంగు తీశారు. ఆ వాసనకి నేను ఊపిరి బిగబట్టాను. తుంపరలూ కాదు, నిష్ఠా కాదు. పాపం ఆ పెద్దాయన ఇన్నేళ్ళూ ఆ వాసనని దాచుకుంటున్నారు. పళ్ళన్నిటికీ తోముకునే పిడకల కచ్చిక పొడి నలుపూ తాంబూలం ఎరుపూ కలిసిన గార. ఎక్కడ నొక్కితే అక్కడ చీము. దవడ పళ్ళు పుచ్చిపోయి మొదళ్ళే మిగిలాయి. ముందు పళ్ళు వదులై విడిపోయి మధ్యలో సందు పడింది.

నేను పళ్ళ గురించి ఏమీ అనలేదు. కామేశ్వరమ్మ గారి వైపు తిరిగి "సాయంత్రాలు ఏం చేస్తారండీ ఈయన?" అన్నాను.

"ఏం చేస్తారమ్మా, దీపం పెట్టే వేళకి దుప్పటి కప్పుకుంటారు. మే నెల్లో కూడా దుప్పటే! తెల్లారేసరికి పంచె తడిసిపోతుంది చెమటకి. మలేరియా అన్నారు, టైఫాయిడ్ అన్నారు. మందులన్నీ అయ్యేయి. మనిషి చూడండి, ఎలా చిక్కిపోయేరో. మెట్లెక్కితే ఆయాసం."

"చిన్నప్పుడు ఏ జబ్బుతో మంచాన పడ్డారండీ?"

ఈసారి ఆయనే నోరు విప్పారు. పన్నెండో ఏట, వేదం చదువుకునే రోజుల్లో, కీళ్ళు వాచి నెలల తరబడి లేవలేదట.

ఆయన్ని వెంటబెట్టుకుని వరండా ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళి పెద్ద డాక్టరు గారి ముందు కూర్చోబెట్టాను. "గుండె వినండి" అన్నాను. ఆయన విన్నారు. చాలాసేపు విన్నారు. తల ఎత్తి నా వంక చూసినప్పుడు ఆయన మొహంలో నవ్వు లేదు.

విషయం ఇది. చిన్నప్పటి కీళ్ళ జ్వరం గుండెలోని కవాటాన్ని పాడుచేసి పెట్టింది. పళ్ళ చీములోని క్రిములు రక్తంలో కొట్టుకెళ్ళి ఆ పాడైన కవాటం మీద గూడు కట్టాయి. కాకినాడ పంపించిన రక్తం పరీక్ష కూడా అదే చెప్పింది. వదిలేస్తే మనిషి దక్కడు. వారాల తరబడి పెన్సిలిన్ ఇవ్వాలి. ఆ మందు ఒంట్లో ఉండగానే పళ్ళు తీసెయ్యాలి. లేకపోతే మందు ఆపిన కొన్నాళ్ళకి క్రిములు మళ్ళీ అదే దారిన బయలుదేరతాయి.

పెన్సిలిన్‌కి ఆయన ఒప్పుకున్నారు. ఆసుపత్రి అన్నం తినరు కనుక ఎదురుగా ఒక చిన్న పెంకుటిల్లు తీసుకుని కామేశ్వరమ్మ గారు వంట మొదలెట్టారు. కొన్నాళ్ళకి జ్వరం దిగింది. అప్పుడు పళ్ళ సంగతి ఎత్తాను.

"పళ్ళు ఇవ్వను" అన్నారాయన, ఏదో నేను అప్పడిగినట్టు.

"ప్రాణానికే ముప్పండీ."

"విన్నానమ్మా. నేనొక మాట చెప్తాను, కోపగించుకోకు. త థ ద ధ న, ల, స. వీటిని దంత్యాలంటారు. నాలిక పంటికి తగిలితేనే పుడతాయి. పళ్ళు లేనివాడు వేదం చెప్తే అది వేదం కాదు. నేను పోతే నా వేదం ఎక్కడికీ పోదు, శిష్యుల దగ్గర ఉంటుంది. పళ్ళు పోయి నేనుంటే, తప్పు వేదం శిష్యుల దగ్గరుంటుంది. ఏది నయం?"

"కట్టుడు పళ్ళు పెడతానండీ" అన్నా, "పరాయి పళ్ళకి నా నాలిక తగిలితే అవి దంత్యాలవుతాయా?" అన్నారు. పళ్ళు పీకొద్దని నాతో చాలామంది వాదించారు. పైపన్ను తీస్తే చూపు పోతుందన్నవాళ్ళు, ముహూర్తం బాగోలేదన్నవాళ్ళు, మావిడికాయల రోజులయ్యేదాకా ఆగమన్నవాళ్ళు. ఇంత తిరుగులేని వాదన ఎవరూ చెయ్యలేదు. పెద్ద డాక్టరు గారు వెళ్ళి గద్దించారు, బతిమాలారు. లాభం లేకపోయింది. కామేశ్వరమ్మ గారు నా గదికి వచ్చి బల్ల పట్టుకుని ఏడ్చారు. "మందు ఆపేస్తారటగా తల్లీ వచ్చే వారం. ఆ తరవాత?" అన్నారు. చదువుకున్న చదువు, ఉన్న పరికరాలు అన్నీ ఉండి, చేతులు కట్టేసినట్టయింది.

అరుగు మీద

మర్నాడు పొద్దున్న ఆసుపత్రికి వస్తున్నాను. ఆ పెంకుటింటి అరుగు మీద నుంచి వేదం వినిపిస్తోంది. చెప్పేది ఘనపాఠి గారు కాదు, యువకుడి గొంతు. వేదం గురించి నాకు ఓనమాలు తెలియవు. కానీ పళ్ళ మధ్య నుంచి వచ్చే గాలి నాకు బాగా తెలుసు. ఆ గొంతులో 'స' వచ్చిన ప్రతిసారీ సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టు సన్నటి ఈల.

ఈల అంటే ముందు పళ్ళ మధ్య సందు. 'అయ్యో, ఈ వయసులోనే వీడికీ వచ్చిందా ఈ రోగం!' అనుకుని గబగబా అరుగు దగ్గరికి నడిచాను. పాతికేళ్ళ శిష్యుడు, పెళ్ళయినవాడు, నన్ను చూసి టక్కున ఆపేశాడు. ఆడమనిషి వింటుండగా చెప్పకూడదని అతని భయం.

"నోరు తెరవండి" అన్నాను.

"ఆయ్?"

"పళ్ళు చూపించండి, పళ్ళు!"

కంగారుగా ఇకిలించాడు. పళ్ళు కొబ్బరి పలుకుల్లా ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా, సందు కాదు కదా, దారం కూడా దూరనంత బాగా.

"మీ పేరేవిటి?"

"సుబ్రహ్మణ్య శర్మ అండి."

ఆ 'సు' లో ఈల లేదు. నేను అక్కడే అరుగు మీద కూలబడ్డాను. మాట్లాడేటప్పుడు లేని ఈల వేదం చెప్పేటప్పుడు ఎలా వస్తోంది? వస్తోందంటే అది పళ్ళలోంచి వచ్చింది కాదు, నేర్చుకున్నది.

కామేశ్వరమ్మ గారు కాఫీ గ్లాసుతో వచ్చారు. "అమ్మా, ఘనపాఠి గారి ముందు పళ్ళు ఎప్పుడు విడిపోయాయండీ?" అన్నాను.

"పదేళ్ళ పైమాటేనమ్మా."

"శర్మ గారూ, మీరు ఎప్పుడు చేరారు ఆయన దగ్గర?"

"ఆరేడేళ్ళయిందండి."

గుమ్మంలో అలికిడైంది. ఘనపాఠి గారు కొంగు నోటికి పెట్టుకుని నిలబడి ఉన్నారు. అంతా విన్నారు. నేను లేచి నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. కర్నూలు నోరు కదా, నాకు చుట్టూ తిప్పి చెప్పడం రాదు. "ఈయన పళ్ళు నిక్షేపంగా ఉన్నాయండీ. అయినా వేదంలో 'స' దగ్గర ఈల వేస్తున్నారు. అది మీ పళ్ళ సందులోంచి వచ్చే ఈల."

ఆయన శిష్యుడి వైపు చూసి "చెప్పు" అన్నారు.

శర్మ నా వంక చూసి తటపటాయించాడు. "గురువుగారూ, వీరు ఉండగా..."

"ఆవిడ విన్నారు కనకే తెలిసింది. చెప్పు."

శర్మ చెప్పాడు. ఘనపాఠి గారు కళ్ళు మూసుకున్నారు. "మళ్ళీ" అన్నారు. మళ్ళీ చెప్పాడు. "ఆ ఒక్క పదం" అన్నారు. ఆ ఒక్క పదంలో ఈల తీగలా సాగింది. కళ్ళు తెరిచేసరికి ఆ పెద్దాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన భయపడ్డ తప్పు వేదం అప్పుడే శిష్యుడి దగ్గరికి చేరిపోయింది. రోజూ వినే ఈలే. తన నోటి ఈలలో కలిసిపోయి ఇన్నాళ్ళూ ఆయన చెవికి ఆనలేదు.

శర్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరు చెప్పినట్టే చెప్పేనండి గురువుగారూ. ఎక్కడా తేడా లేదండి."

"తేడా లేకుండా చెప్పేవు నాయనా. అదే వచ్చింది చిక్కు" అన్నారాయన.

ఆ మాటకి కామేశ్వరమ్మ గారు ఏడవబోయి నవ్వేశారు. ఆయన నా వైపు తిరిగారు. నోటికి అడ్డం ఉన్న కొంగు మెల్లగా కిందికి దించారు.

"అమ్మాయ్, ఎప్పుడు పీకుతావు?"

మైనం పళ్ళు

పెద్ద డాక్టరు గారు మందు ఇంకొన్నాళ్ళు పొడిగించారు. విడతలు విడతలుగా పళ్ళన్నీ తీశాను. కుర్చీలో ఆయన ఒక్కసారి కూడా "ఆయ్" అనలేదు. జ్వరం మళ్ళీ రాలేదు. దుప్పటి పెట్లోకి వెళ్ళింది. చిగుళ్ళు మానేదాకా ఆయన వేదం చెప్పలేదు, వినేవారు. ఈల వినిపిస్తే వేలెత్తేవారు. శర్మ ఆగి మళ్ళీ చెప్పేవాడు. అలవాటైన నాలిక అంత తేలిగ్గా దారి మారుతుందా? పాపం శర్మ అద్దం ముందు కూర్చుని 'స స స' అని సాధన చేస్తుంటే కొత్తగా కాపురానికి వచ్చిన భార్య పాము బుసకొడుతోందని హడిలిపోయిందట.

కట్టుడు పళ్ళ దగ్గర అసలు పరీక్ష. ముందు ఆయన అడిగింది "ఇవి ఎముకతో చేస్తారా?" అని. కాదని, రసాయనాలతో పోత పోస్తారని చెప్పాను. తరవాతి సందేహం ఎంగిలి. రోజూ తీసి కడిగి మళ్ళీ పెట్టుకునే పళ్ళు ఎంగిలవుతాయా, కావా? ఆయనే రెండు రోజులు ఆలోచించి "సొంత పళ్ళకి లేని ఎంగిలి వీటికెందుకు?" అని తేల్చారు. "ఆవకాయ జాడీ దగ్గర మాత్రం ఇంత ఉదారంగా ఉండరు" అన్నారు కామేశ్వరమ్మ గారు.

పళ్ళు గట్టిగా బిగించే ముందు మైనంలో పేర్చి నోట్లో పెట్టి చూస్తాం. అందరికీ అయితే అద్దం చూపించి "ఎలా ఉన్నాయండీ?" అని అడుగుతాం. ఈయన అద్దం పక్కన పెట్టేసి "త" అన్నారు. "థ" అన్నారు. "స" అనగానే ఉలిక్కిపడ్డారు. "మళ్ళీ ఈలే!"

ముందు రెండు పళ్ళూ కాస్త వెనక్కి జరిపాను. ఈసారి ఈల పోయి 'త' మొద్దుబారింది. రవ్వంత కిందికి దించాను. 'ద' బాగుంది, 'న' జారిపోతోంది. మైనం వేడిచేస్తూ, జరుపుతూ, ఆయన పలుకుతూ, నేను వింటూ, మధ్యాహ్నం భోజనం సంగతి ఇద్దరమూ మరిచిపోయాం. వరండాలో కూర్చున్న రోగులంతా గుమ్మం దగ్గర మూగారు. పెద్ద డాక్టరు గారు తొంగిచూసి "ఇక్కడ బడి ఎప్పుడు పెట్టేరమ్మా?" అన్నారు.

చివరికి ఒకసారి ఆయన "స" అన్నారు. ఆగి, మళ్ళీ అన్నారు. నా చేతిలో మైనం కత్తి అలాగే ఉండిపోయింది. సందు పడకముందు ఆయన గొంతు ఎలా ఉండేదో నేనెప్పుడూ వినలేదు. గుమ్మంలో నిలబడ్డ కామేశ్వరమ్మ గారు విన్నారు. కొంగు నోట్లో కుక్కుకుని అటు తిరిగిపోయారు.

పిల్లలూ, నాకు నా చదువు కట్టుడు పళ్ళు చెయ్యడం నేర్పింది. పళ్ళు మనిషికి ఎందుకో నేర్పింది ఆ రోజు. నమలడానికంటారు, అందానికంటారు. అవీ నిజమే. కుర్చీలో కూర్చున్న మనిషి వాటితో ఏం చేస్తాడో అడగకుండా పట్టకారు పట్టుకోకండి. ఆయన బతకాలనుకున్నదీ, చావడానికి సిద్ధపడ్డదీ ఆ ఏడు అక్షరాల కోసమే.

ఈల

ఎనభైల్లో నేను సర్కారు ఉద్యోగం మానేసి అమలాపురంలోనే సొంత క్లినిక్ పెట్టుకున్నాను. మొదటి రోజు ఉదయం పిలవకుండానే ఘనపాఠి దంపతులు వచ్చారు. వెనక శర్మ, ఇంకొందరు శిష్యులు. "కొత్త కుర్చీకి ఆశీర్వచనం చెయ్యొద్దూ మరి?" అన్నారు ఘనపాఠి గారు. గుండె సంగతి పెద్ద డాక్టరు గారు చూస్తూనే ఉన్నారు. మనిషి కొద్దిగా ఒళ్ళు చేశారు కూడా.

నన్నూ మా వారినీ పీటల మీద కూర్చోబెట్టి అందరూ వేదం మొదలెట్టారు. మా వారు భక్తిగా కళ్ళు మూసుకున్నారు. నేనెక్కడ మూస్తాను? నా చెవులు 'స' ఎక్కడొస్తుందా అని కాచుకుని ఉన్నాయి. గురువు గారిది గంటకొట్టినట్టు మోగింది. చిన్న శిష్యులది బాగుంది. శర్మ కూడా చాలాసేపు బాగానే లాక్కొచ్చాడు. చివరికొచ్చేసరికి, కంగారో ఉత్సాహమో, ఒక్కచోట సన్నగా ఈల పడింది.

నేను తల ఎత్తాను. సరిగ్గా అప్పుడే ఘనపాఠి గారు కూడా నా వంక చూశారు. ఆశీర్వచనం మధ్యలో నవ్వకూడదని ఇద్దరికీ తెలుసు. నేను పెదవి కొరుక్కున్నాను. ఆయన ఆపుకోలేకపోయారు. వేదం ఆపి, నోరారా, కడుపారా నవ్వారు. ఉత్తరీయం భుజం మీదే ఉంది, చెయ్యి దాని జోలికే పోలేదు.

కామేశ్వరమ్మ గారు నా చెవి దగ్గరికి వంగి "ఈయన ఇలా నోరారా నవ్వగా చూసి ఎన్నేళ్ళయిందోనమ్మా. పళ్ళు కట్టుడువైతేనేం, నవ్వు ఆయనదే" అన్నారు.

పాపం శర్మ మొహం ఎర్రబడింది. ఘనపాఠి గారు నవ్వు ఆపుకుని, అక్షతలు పిడికిట్లో పట్టుకుని, శిష్యుడి వంక చూశారు.

"మళ్ళీ చెప్పు" అన్నారు.

శర్మ ఒకసారి ఊపిరి పీల్చుకుని మళ్ళీ చెప్పాడు. ఈసారి ఈల లేదు. అక్షతలు నా నెత్తిన పడ్డాయి.